ఆటలోనూ ఆడపిల్ల పేరు దాచుకోవాలా?

గత వేసవి చివర్లో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో మహిళా సంఘం సమావేశానికి వెళ్ళాను. వాన ఇంకా పడలేదు. అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నారు. బాల్యవివాహాల గురించి మాట్లాడదామని నేను వెళితే, మాటల మధ్యలో ఒక తల్లి గొంతు తగ్గించి చెప్పింది: "మా పాప సెల్లులో ఎవురో మొగపిల్లోళ్ళతో కలిసి ఆడుతుండాదంటక్కా. వాళ్ళ నాయన సెల్లు పెరుక్కున్యాడు. ఇంక సదువు సాలు, సంబంధం సూడండి అంటాండాడు."

ఆ పాపకు పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయింది. తర్వాత విడిగా మాట్లాడితే సంగతంతా చెప్పింది. నలుగురు జట్టుగా చేరి ఆడే తుపాకుల ఆట అది. మగపిల్లాడి పేరుతో చేరి, ఎవరితోనూ మాట్లాడకుండా నెలల తరబడి ఆడింది. ఒకరోజు జట్టులోని పిల్లవాణ్ణి హెచ్చరించడానికి ఉండబట్టలేక మైకు తీసింది. అంతే. "నువ్వు ఆడపిల్లవా?" అన్న ప్రశ్న, వెంటనే ఫోన్ నంబరు అడగటం, ఇవ్వనంటే బూతులు. ఆ జట్టులో ఒకడికి ఆమె అన్న తెలుసు. కబురు ఇంటికి చేరింది. బూతులు తిట్టినవాళ్ళకు ఏమీ కాలేదు. తిట్లు తిన్న పిల్ల చదువు మాత్రం ప్రమాదంలో పడింది.

ఆమె అన్న కూడా అదే ఆట ఆడతాడు. విచిత్రమేమిటంటే అతను ఆడబొమ్మను ఎంచుకుని ఆడతాడట. అతన్ని ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. "ఆడుకుంటే తప్పేముందక్కా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా పదమూడో ఏట, పెద్దమనిషినయ్యాక, మా అవ్వ నా చేతిలోని తొక్కుడుబిళ్ల లాక్కుని గోడ అవతలికి విసిరేసిన సంగతి గుర్తొచ్చింది. బిళ్ల పోయి సెల్లు వచ్చింది. విసిరేసే చెయ్యి మాత్రం అలాగే ఉంది.

ఈసారి సంపాదకీయం దీని మీద రాస్తానంటే మిత్రులు కొందరు నవ్వారు. కరువు, వలసలు, కూలి రేట్లు, ఇన్ని సమస్యలుండగా వీడియో గేములా అన్నారు. ఆ నవ్వులో మన పొరపాటు కూడా ఉందనిపించింది. ఆటను మగవాళ్ళ వ్యవహారంగా మనమూ వదిలేశాం. ఈ ఆటల చరిత్ర కొంచెం తిరగేస్తే, అందులో స్త్రీ స్థానం కోసం జరిగిన పోరాటం మన పోరాటానికి ఎంత దగ్గరో తెలుస్తుంది.

1985లో జపాన్ నుంచి వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్'లో రాకుమారి చేసే పని ఒక్కటే: ఎవరో వచ్చి విడిపించేదాకా ఎదురుచూడటం. 1986లో అదే కంపెనీ 'మెట్రాయిడ్' తెచ్చింది. అందులో ఇనుప కవచం తొడుక్కున్న వీరుడు ఒంటరిగా పోరాడతాడు. ఆంగ్లంలో ఇచ్చిన వివరణ పుస్తకంలో కూడా ఆ పాత్రను 'అతను' అనే రాశారు. ఆట చివర్లో గానీ ఆ వీరుడు స్త్రీ అని తెలియదు. ఎంత త్వరగా ఆట ముగిస్తే ఆమె అంత తక్కువ బట్టలతో కనిపిస్తుంది. అంటే ఆమె వీరత్వానికి ముసుగు కావాలి. ముసుగు తీస్తే ఆమె శరీరం ఆటగాడికి బహుమానం కావాలి. కళ్యాణదుర్గం పిల్ల పేరు దాచుకోవడంలో వింతేముంది?

1996లో ఇంగ్లండు నుంచి 'టూంబ్ రైడర్' వచ్చింది. నాయిక లారా క్రాఫ్ట్ చదువుకున్న మనిషి, సాహసి. కానీ ప్రచారంలో ఆమె తెలివి కంటే ఆమె ఒళ్ళే ఎక్కువ అమ్ముడుపోయింది. ఆ పాత్రను సృష్టించిన టోబీ గార్డ్ 1997లో కంపెనీ విడిచి వెళ్ళాడు. 2013లో ఆ ఆట కొత్త రూపంలో వచ్చింది. కథ రాసిన రచయిత్రి రియానా ప్రాచెట్. ఈసారి లారా అలిసిపోతుంది, భయపడుతుంది, గాయపడుతుంది, నిలదొక్కుకుంటుంది. అప్పుడు కూడా ఆమె బాధనే సరుకు చేస్తున్నారన్న విమర్శలు వచ్చాయి. రావలసిందే. 2015లో 'ఫిఫా 16' ఫుట్‌బాల్ ఆటలో మొదటిసారి 12 దేశాల మహిళా జట్లను చేర్చారు. అభిమానుల్లో కొందరు మగవాళ్ళు ఎగతాళి చేశారు. 2024లో మారియో రాకుమారి పీచ్ తన పేరు మీదే వచ్చిన ఆటలో తానే కత్తి పట్టింది.

ఈ మార్పులు కంపెనీల దయ వల్ల వచ్చాయనుకుంటే పొరపాటు. ఆటలు కొనేవాళ్ళలో స్త్రీలు పెరిగారు, తయారుచేసేవాళ్ళలోకి కొందరు చేరారు, ప్రశ్నించారు. అలా ప్రశ్నించినందుకు మూల్యం చెల్లించారు. ఆటల్లో స్త్రీలను చూపే తీరును విశ్లేషించిన అనితా సర్కీసియన్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమొకదానిలో ఆమె ఉపన్యాసాన్ని కాల్పుల బెదిరింపు కారణంగా రద్దు చేసుకోవలసి వచ్చింది. ఆటలు తయారుచేసే చోట కూడా వివక్ష తక్కువేమీ కాదు. రయట్ గేమ్స్ అనే పెద్ద కంపెనీ మీద మహిళా ఉద్యోగులు కోర్టుకెక్కితే, 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లు చెల్లించడానికి అది ఒప్పుకుంది.

దీన్నిబట్టి నాకర్థమైంది ఇది: తెర మీద బొమ్మ మారినంత త్వరగా ఆ బొమ్మను ఆడించేవాడి మనసు మారలేదు. ఆ మనసు కంటే కూడా మన ఇళ్ళు ఇంకా నెమ్మదిగా మారుతున్నాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వయసు పురుషుల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 48.8 శాతం. స్త్రీలలో 21 శాతమే. సెల్లు ఇంట్లో ఉన్నంత మాత్రాన అది అమ్మాయి చేతిలో ఉన్నట్టు కాదు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటి వాటిని దీనితో కలపకండి. పొదుపు సంఘంలో భార్య తెచ్చిన అప్పును భర్త ఆ ఆటలో పోగొట్టుకున్న ఇళ్ళు మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. చట్టం గుర్తించిన ఈ తేడాను మన ఇళ్ళలో తండ్రులూ గుర్తించాలి.

ఆడుకోవడం విలాసం కాదు, హక్కు. మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ పిల్లలందరి హక్కుగా చెప్పింది. 1993లో ఆమోదించిన స్త్రీల వివక్షా నిర్మూలన ఒడంబడిక 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో స్త్రీలకు సమాన భాగం ఉండాలంది. ఒడంబడికల మాట అలా ఉంచితే, మన నేల మీదే ఉదాహరణ ఉంది. 2006లో దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైన నార్పల మండలం బండ్లపల్లి మనందరికీ తెలుసు. కూలి పనుల కోసం పేరుకెక్కిన ఆ ఊరి నుంచే బారెడ్డి అనూష 2023లో భారత మహిళా క్రికెట్ జట్టుకు ఆడింది. 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆడపిల్లకు మైదానమెందుకన్నవాళ్ళే ఆరోజు టపాకాయలు కాల్చారు. అప్పటిదాకా ఆ పిల్లలను ఆడనిచ్చిన తల్లిదండ్రులను, ఆడించిన గురువులను మనం మరిచిపోకూడదు.

తుపాకుల ఆటలన్నీ గొప్పవని నేననడం లేదు. వాటిలోని హింసను, గంటల తరబడి పిల్లల కాలాన్ని మింగే తీరును ప్రశ్నించాలి. ఆ ప్రశ్న అన్ననూ అడగాలి, చెల్లెలినీ అడగాలి. నియమం ఇద్దరికీ ఒకటే కావాలి.

అందుకే మన సంఘాలకు నాదొక సూచన. ఆడపిల్లకు సెల్లులో వేధింపు ఎదురైతే మొదట ఆమె చేతిలోని సెల్లు లాక్కోవద్దు. ఆమె చెప్పేది వినండి. తిట్టినవాడి మాటలను భద్రపరచి ఫిర్యాదు చేయడానికి తోడు వెళ్ళండి. దాన్ని సాకుగా పెట్టి పెళ్ళి తలపెడితే 1098కి ఫోన్ చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా మగపిల్లలను కూర్చోబెట్టి మాట్లాడండి. మైకులో బూతులు మాట్లాడినవాడు ఎక్కడి నుంచో రాలేదు, మన ఇంటి పక్కవాడే కావచ్చు, మన కొడుకే కావచ్చు.

ఆ పల్లెలో మా సంఘం ఆడవాళ్ళు నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళారు. పెళ్ళి ఆగింది. పాప ఇంటర్ రెండో సంవత్సరంలో చేరింది. సెల్లు మాత్రం ఇప్పటికీ అన్న దగ్గరే ఉంది. ఐదోసారి వెళ్ళాలి.