చక్రాలు ఆగినచోట వనం

ఆస్ట్రేలియా దేశంలో సెలవులు వచ్చినవంటే కారు వెనుక ఒక చిన్న ఇంటిని తగిలించుకొని కుటుంబమంతా బయలుదేరడం సర్వసాధారణం. ఆ చక్రాల ఇంటిని కారవాన్ అంటారు. పొదలూ, నీలగిరి చెట్లూ నిండిన అడవి అంచున దానిని నిలిపి, నాలుగు రోజులు హాయిగా గడిపి, తిరిగి ఇంటిదారి పడతారు. మన దేశానికి ఈ వేడుక ఇంకా కొత్త. కేరళ ప్రభుత్వం 2021లో గాని కారవాన్ యాత్రలకు ఒక విధానమంటూ ప్రకటించలేదు.

అయితే పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక ఎర్రమట్టి మెట్టకు చక్రాల మీద అతిథులు వచ్చి అర్ధశతాబ్ది దాటింది. వారు వచ్చిననాడు అక్కడ విడిది చేయడానికి అడవి లేదు. ఉన్నది ఎండ, గాలి, దుమ్ము.

ఆ మెట్టమీదనే 1968 ఫిబ్రవరి 28న అరవిందాశ్రమ మాత మీరా అల్ఫాసా సంకల్పం మేరకు ఆరోవిల్ నగరానికి ప్రారంభోత్సవం జరిగింది. 124 దేశాల ప్రతినిధులు తమతమ నేలల నుండి పిడికెడేసి మట్టి తెచ్చి ఒక పాలరాతి కలశంలో పోశారు. ప్రపంచపు మట్టి అంతా ఆ కలశంలో చేరింది. ఆ మెట్టకున్న సొంత మట్టి మాత్రం ఏటేటా సముద్రంపాలవుతూనే ఉంది. తరతరాలుగా కలపకూ వంటచెరకుకూ చెట్లు కొట్టివేయగా, మిగిలిన మొలకలను పశువులు మేయగా, నేలకు కప్పు లేకుండా పోయింది. ఈశాన్య రుతుపవనాలు విరుచుకుపడినప్పుడల్లా ఎర్రనీరు లోతైన గండ్లు కోసుకుంటూ బంగాళాఖాతంలో కలిసిపోయేది.

1969లో పారిస్ నుండి ఒక కారవాన్ బయలుదేరింది. ఇది విహారయాత్ర కాదు; ఆరోవిల్‌లో స్థిరపడదలచినవారి వాహనశ్రేణి. టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా నేలదారినే వారు పుదుచ్చేరి చేరుకున్నారు. వారి నివాసం కొరకు మెట్టమీద ఆకుకప్పు పాకలు వెలిశాయి. ఆ పల్లెకు ‘ఆస్పిరేషన్’ అని పేరు పెట్టారు. 1974లో మరొక కారవాన్ వచ్చింది. 1979లో ఇరాన్‌లో విప్లవమూ, ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశమూ సంభవించిన పిదప ఆ దారి సామాన్య యాత్రికులకు మూసుకుపోయింది. అప్పటికే ఈ కొసన చక్రాలు ఆగిపోయి, మనుషులు నేలను పట్టుకున్నారు.

నీడ కావాలంటే చెట్టు కావాలి. చెట్టు కావాలంటే నీరు నిలవాలి. కనుక వారు మొదట చేపట్టిన పనులలో ముఖ్యమైనది గట్లు పోయడం. పడిన వాన పడినచోటనే ఇంకేటట్లు పొలాల చుట్టూ మట్టికట్టలు వేశారు. గండ్లకు అడ్డుకట్టలు కట్టారు. చుట్టుపక్కల తమిళ పల్లెల కూలీలు, రైతులు ఈ పనిలో చెమటోడ్చారు. మొక్కలను మేకల బారినుండి కాచుకోవడం, వేసవిలో నీరు మోసి పోయడం ఏళ్ల తరబడి సాగింది.

నాటినవాటిలో ముందుగా నిలదొక్కుకొన్నది ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతానికీ, న్యూగినీకీ చెందిన ఒక తుమ్మజాతి. కారవాన్ల వారి అడవిచెట్టే ఇక్కడికి అతిథిగా వచ్చిందన్నమాట. బీదనేలలో వేగంగా పెరిగి, ఆకు రాల్చి, మట్టికి సారం కూర్చింది. దాని నీడన స్థానిక వృక్షాలు తలయెత్తాయి. అల్లి, పాల, నేరేడు, తుమికి వంటి ఈ చెట్ల సంతతి పల్లెదేవతల వనాలలో మిగిలి ఉంది. పుదుపట్టు అయ్యనార్ కోవెల వనం అటువంటిది. భక్తి గొడ్డలిని ఆపినచోట విత్తనం బ్రతికింది. ఇదే జాతి అడవి మన శ్రీహరికోట దీవిలోనూ ఉన్నదని తెలిస్తే తెలుగువారికి ఆ చెట్లు పరాయివి అనిపించవు.

2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరం దాటింది. ఆరోవిల్‌లో చెట్లు విస్తారంగా నేలకూలాయి. వడిగా పెరిగిన ఆ అతిథి తుమ్మలు ఎక్కువగా విరిగాయి. నిదానంగా పెరిగే స్థానిక వృక్షం గాలికి బాగా తట్టుకున్నది.

నేడు పుదుచ్చేరి కడలివీధినీ, ఫ్రెంచివారి కాలపు మేడలనూ చూడవచ్చిన కుటుంబాలలో కొన్ని ఈ వనంలో విడిది చేస్తున్నాయి. 2003లో ఇజ్రాయెల్ నుండి వచ్చిన యోరిత్, అవిరామ్ రోజిన్ దంపతులు కోతకు గురైన 70 ఎకరాలలో ఆరంభించిన ‘సాధనా ఫారెస్ట్’కు పిల్లలతో సహా వచ్చి ఉండేవారున్నారు. అక్కడ కర్రతో, ఆకుకప్పుతో కట్టిన గుడిసెలే వసతి. దీపం సూర్యరశ్మి పెట్టిన భిక్ష. మరుగుదొడ్డిలో నీరు వాడరు. మలం ఎరువుగా మారుతుంది. అతిథి పొద్దున్నే పలుగూ పారా పట్టవలసిందే. పట్టణంలో కుళాయి తిప్పి వదిలివేసే పిల్లవాడు ఇక్కడ ఒక చెంబెడు నీటి విలువ ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.

కాని నాటిన అడవికి నాటినవారి మధ్యనే చిక్కు వచ్చింది. ఆరోవిల్ ప్రణాళికలోని వలయమార్గం కొరకు 2021 డిసెంబరులో చెట్లు తొలగించడంతో వివాదం రేగింది. పర్యావరణ అనుమతి పొందాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఆదేశించగా, సుప్రీంకోర్టు 2025లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నగరమే అసలు సంకల్పమని ఒకరి వాదం. వనం లేని నగరం ఈ నేలమీద నిలవదని మరొకరి వాదం. తీర్పు చట్టాన్ని గురించి పలికింది. నీడను గురించిన ప్రశ్న అక్కడివారికే మిగిలింది.

చక్రాల ఇంటిలో ఒక సౌఖ్యం ఉన్నది: నచ్చకపోతే కదలిపోవచ్చు. చెట్టుకు ఆ వెసులుబాటు లేదు. ఆ మెట్ట పచ్చబడింది, బండి దిగినవారిలో కొందరైనా ఆ వెసులుబాటును వదులుకున్నందువలన. సెలవుల కుటుంబం నాలుగు రోజులే ఉండవచ్చు. కాని ఆ నాలుగు రోజుల నీడ వెనుక ఎవరో మోసిన యాభై ఏళ్ల నీళ్లున్నాయి. వెళ్లేముందు ఒక్క మొక్కకు ఒక బిందెడు పోసి వెళ్లడం అతిథి తీర్చుకోగల ఋణం.