సామాను మంచిదే, జాగా చెడ్డది

మనిషికి ముక్కు ఎటువంటిదో ఈ కాలపు కారుకు ఆక్సిజన్ సెన్సార్ అటువంటిది. ఇంజను వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది పసిగడుతుంది. దాని మాట విని, లోపలున్న కంప్యూటరు పెట్రోలు పాలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. తూకం లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి పడితే పాకం కుదిరినట్టు!

ఈ సెన్సార్ లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ. 1976లో బాష్ వారు దీన్ని వోల్వో కార్లకు అమర్చారు. సుమారు 350 డిగ్రీలు వేడెక్కితేగాని ఇది పని చేయదు. అలాగని మితిమీరి వేడెక్కితే బతకదు. చిక్కంతా అక్కడే ఉంది.

మా కిషన్‌బాగ్‌లో ఒక కుర్రవాడు వాయిదాల మీద టర్బో పెట్రోలు కారు కొన్నాడు. చప్పుడు గంభీరంగా ఉండాలని ఎక్కడో పొగగొట్టం మార్పించాడు. ఆర్నెల్లు తిరక్కుండా రెండు సెన్సార్లు పోయాయి.

“చిన్నాయనా, మాలే మంచిగ లేదు. వైరు కట్ చేసి పారేస్త,” అన్నాడు నాతో.

ఆ పని చేసేముందు ఒకసారి మా వీధి చివరి ఉస్తాద్‌కు చూపించమన్నాను. ఆయన బండి కింద దూరి, తుడుచుకుంటూ లేచి, “సామాను మంచిదే బేటా, జాగా ఖరాబు,” అన్నాడు.

సెన్సార్‌ను ఇంజనుకూ టర్బోకూ మధ్య బిగించారట! బండిని గట్టిగా తోలితే అక్కడి పొగ వేడి 950 డిగ్రీలు దాటుతుంది. బాష్ వారి ఎల్.ఎస్.యు. 4.9 రకాన్నే తీసుకోండి. పొగ వేడి ఎడతెగకుండా 930 డిగ్రీలకు మించరాదు; బిగించే నట్టు దగ్గర 600 మించరాదు. పైగా టర్బోకు ముందు పొగ ఒత్తిడి ఎక్కువ. అందువల్ల సెన్సార్ చెప్పే లెక్కా తప్పుతుంది. టర్బో చక్రాన్ని తిప్పి వచ్చిన పొగ కొంత చల్లబడుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. కాబట్టి సెన్సార్‌కు తగిన చోటు టర్బో దాటాక, పొగను శుద్ధిచేసే కన్వర్టరుకు ముందు.

మరి మొదటి సెన్సార్ సంగతి? దాన్ని గొట్టం అడుగున, తలకిందులుగా పెట్టారట. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గొట్టంలో నీరు చేరుతుంది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో మన ఇళ్లలో పెద్దలను అడగండి. కాలిన పింగాణీ గతీ అంతే. అందుకే సెన్సార్ గొట్టానికి పైవైపున, గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఉండాలి.

వైరు తెంపితే దీపం ఆరదు సరికదా, ముక్కు మూసుకున్న ఇంజను అంచనా మీద పెట్రోలు తాగుతుంది. కాలని పెట్రోలు కన్వర్టరులో మండి దాన్నీ తినేస్తుంది. దాని ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు ఏపాటి? ఆ పొగ పీల్చేది మన వీధి పిల్లలేనాయె!

కాబట్టి పాఠక మహాశయులారా, మీ బండిలో ఒకే భాగం రెండోసారి పోతే, మూడోది కొనకముందు దాన్ని బిగించిన చోటు చూడమని అడగండి. ఉస్తాద్ గొట్టానికి కొత్త కంత పెట్టిన ఖర్చు, ఒక్క సెన్సార్ ఖరీదులో సగం కూడా కాలేదు.