మా కరియ పథ్యం

కిందటి నెల ఈ పుటలో మిద్దెమీది సొరపాదును గురించి రాస్తానని మాట యిచ్చి వున్నాను. చదువరులు మన్నించాలి. ఈ నెలంతా మాకు పిల్లి జబ్బుతోనే సరిపోయింది.

దాని పేరు కరియ. పేరు కన్నడం, పెంపకం తెలుగు. చింతామణిలో మన యిళ్ళ మనుషులకే ఆ తేడా లేదు, యిక పిల్లికేమిటి! తొమ్మిదేండ్ల గండుపిల్లి. చిన్నప్పుడే ఆపరేషను చేయించినందున గడప దాటి తిరిగేది కాదు. మా అమ్మ తన పళ్ళెంలోనుంచి పూటపూటకూ పాలన్నమో పెరుగన్నమో పెట్టేది. తిని తిని ఆరున్నర కిలోలకు వచ్చింది. చూసినవారంతా బాగా పెంచారండీ అంటే మేమూ మురిసిపోయాము.

దీపావళి దాటాక అది నీళ్ళతొట్టి దగ్గరే కాపురం పెట్టింది. ఎంత తాగేదో అంత పోసేది. నెలన్నరలో నడుము ఎముకలు తేలాయి. వెనుక కాళ్ళు మడమల దాకా నేలకు ఆనించి నడవసాగింది. ముసలితనం అనుకున్నాను. పన్నెండేండ్లుగా సూది వేసుకుంటున్న మా అమ్మకే మొదట తట్టింది. "ఒరే, దీనికీ నా జబ్బే వచ్చిందిరా" అన్నది. నేను నవ్వాను.

బుట్టలో పెట్టుకుని బస్సెక్కి బెంగళూరులో హెబ్బాళం పశువైద్య కళాశాలకు తీసుకుపోయాను. బెదిరిన పిల్లికి ఆ బెదురుతోనే రక్తంలో చక్కెర ఎక్కుతుందట. అందుకని ఒక్క పరీక్షతో తేల్చరు. మూత్రం చూశారు, ఫ్రక్టోసమిన్ అని గడచిన వారం రెండు వారాల లెక్క చెప్పే పరీక్ష కూడా చేశారు. అమ్మ మాటే నిజమైంది. పెద్ద వయసు మనుషులకు వచ్చే చక్కెర జబ్బు లాంటిదేనట. ఒళ్ళు చేసి, కదలక కూర్చునే మగపిల్లులకు ఎక్కువ. పిల్లి మాంసాహారి, దాని ఒళ్ళు బియ్యం తినడానికి పుట్టినది కాదు. తీపి రుచి తెలిపే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి వుందని 2005లో కనిపెట్టారు. మా కరియ యిన్నాళ్ళూ అమ్మ పాయసం నాకింది తీపికి కాదన్నమాట, నెయ్యికి!

గ్లార్జిన్ అనే యిన్సులిన్ పన్నెండు గంటలకొకసారి, చర్మం కింద, ఒక్క యూనిట్. యిక్కడొక చిక్కు వుంది. అమ్మ సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఎర్రమూత సిరంజి. పిల్లిది 100 యూనిట్లది, నారింజమూత సిరంజి. పిల్లి మందును అమ్మ సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. అందుకని రెండింటికీ వేరు వేరు డబ్బాలు పెట్టాను.

డబ్బాలు వేరు చేసి ఏం లాభం, తప్పు మరొక దారిన వచ్చింది. ఒక సోమవారం పొద్దున కరియ గిన్నె ముట్టలేదు. నాకు ఆఫీసుకు వేళ మించిపోతున్నది. తరువాత తింటుందిలే అని సూది పొడిచి వెళ్ళిపోయాను. పదకొండు గంటలకు అమ్మ ఫోను. పిల్లి తూలి పడి కాళ్ళు కొట్టుకుంటున్నది. నేను వచ్చేలోగా ఆమే వేలితో తేనె తీసి దాని చిగుళ్ళకు రాచింది. నోట్లో పోస్తే ఊపిరికి అడ్డం పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తన జబ్బు నేర్పింది. కాసేపటికి అది తల ఎత్తింది. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టివుంటే బాగుండేది.

తినని పూట మామూలు మోతాదు వేయకూడదు, ముందు ఫోను చేసి అడగాలి అని డాక్టరమ్మ మందలించారు. అలాగని తినకుండా వదిలేయడానికీ లేదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కొవ్వు కాలేయానికి పట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకు తినడంలేదో వెదికితే, లోపలి పన్ను పుచ్చి వుంది. అది పీకించాము.

తరువాత తిండి సంగతి. మా యింట్లో నీచు వండరు. అడగడానికి రెండు రోజులు నోరు రాలేదు. అమ్మే అన్నది, "దాని అన్నం అదే అయితే మనమేం చేస్తాం, పెరట్లో వేరే పొయ్యి పెట్టు" అని. యిప్పుడు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కోడిమాంసం పెరట్లో ఉడుకుతున్నది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం. ఉత్త మాంసమే పెట్టినా చాలదని, డాక్టరమ్మ చెప్పిన డబ్బా తిండి కలుపుతాము. చల్లనిది ముట్టదు, వేడినీళ్ళలో గిన్నె నిలిపి గోరువెచ్చన చేస్తే వాసనకు లేచి వస్తుంది. కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో సూది అక్కరలేకుండా కూడా పోతుందట. మాకింకా ఆ రోజు రాలేదు.

ఆఫీసు బుద్ధి పోదు గదా, ఒక రిజిస్టరు పెట్టాను. తేదీ, తిన్నది, తాగిన నీళ్ళు, సూది, బరువు. పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి, నా బరువు తీసివేస్తాను. నిన్నటికి 4 కిలోల 900 గ్రాములు. రాత్రి తిండిలో మూడోవంతు మిగిల్చింది. రాస్తుంటే అమ్మ వచ్చి చూసి, పక్కన తనకూ ఒక గడి గీయమన్నది.