ముగ్గురి ఆటోలో పన్నెండు మంది

2021 నవంబరులో పామిడి దగ్గర 44వ జాతీయ రహదారిపై ఆటోను లారీ ఢీకొని, గార్లదిన్నె మండలం కొప్పలకొండకు చెందిన ఐదుగురు కూలి మహిళలు చనిపోయారు. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీల ఆటోపై కరెంటు తీగ పడి మంటలు లేచాయి. అందులోనూ ఐదుగురు మహిళలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర ఆటోను ఆర్టీసీ బస్సు ఢీకొంది. అరటి తోటలో పని ముగించుకుని పుట్లూరు మండలం ఎల్లుట్లకు తిరిగిపోతున్న కూలీల్లో కనీసం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

లారీ, కరెంటు తీగ, బస్సు. కారణాలు మూడూ వేరు. కానీ మూడు చోట్లా చనిపోయినవాళ్లు కిక్కిరిసిన ఆటోలో పొలం పనికి పోయి వచ్చే కూలీలే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ నాయకులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, డ్రైవరు మీద కేసు పెడతారు. మరుసటి రోజు పొద్దున అదే దారిలో అలాంటి ఆటోనే అంతమందితో బయలుదేరుతుంది. దీన్ని తలరాత అని సరిపెట్టుకోవడానికి మేము ఒప్పుకోము.

ఆ ఆటో ఎందుకు అట్లా నిండుతుందో రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాన సరిగా పడక చెనక్కాయ పంట దెబ్బతిన్న ఊళ్లలో కూలి దొరకదు. నీళ్లున్న చోట చీనీ, అరటి, టమోటా తోటలకు మనుషులు చాలరు. తోట రైతు మేస్త్రీకి ఫోన్ చేస్తాడు, మేస్త్రీ ఆటో మాట్లాడతాడు. బాడిగ ట్రిప్పుకు ఇంత అని ఉంటుంది కాబట్టి ఎంతమంది ఎక్కితే తలకు అంత తక్కువ పడుతుంది. రైతుకు ఖర్చు తగ్గుతుంది, మేస్త్రీకి మిగులుతుంది, కూలి అమ్మకు చేతిలో పది రూపాయలు ఎక్కువ నిలుస్తాయి. లాభం అందరికీ తలా కొంత, ప్రమాదం మాత్రం లోపల కూర్చున్నవాళ్లదే.

బీమా సంగతి కూడా తెలుసుకోవాలి. మన ఊళ్లలో తిరిగే మామూలు ఆటోకు డ్రైవరు కాక ముగ్గురికే పర్మిట్టు. బీమా కూడా అంతవరకే. పరిమితికి మించి ఎక్కించుకున్న ఒక బస్సు ప్రమాదం కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. బీమా ఉన్నంతమంది లెక్కన కంపెనీ కట్టే డబ్బునే బాధితులందరూ పంచుకోవాలి, మిగిలినది వాహన యజమాని దగ్గర రాబట్టుకోవాలి. ఆటో అమ్మినా అంత డబ్బు రాదు. ట్రాక్టరు ట్రాలీలో కూలీలను తీసుకుపోయే రైతులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ట్రాలీలో మనుషులకు బీమా వర్తించదని కంపెనీలు కోర్టులో వాదిస్తాయి. కంపెనీ ముందు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు చెప్పిన కేసులు ఉన్నాయి. అప్పుడు ఆ భారం రైతు భూమి మీదికే వస్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. మంచిదే. కానీ కూలి అమ్మ ఇల్లు వదిలేది తెల్లవారుజామున. ఆ వేళకు ఊరికి బస్సు రాకపోతే ఉచితం ఉండీ ఏం లాభం? అందుకే ప్రభుత్వాన్ని మేము అడిగేవి ఇవి.

కూలీలు ఎక్కువగా పోయే ఊళ్లకు పొద్దున ఆరు లోపల, సాయంత్రం పని విడిచే వేళకు పల్లెవెలుగు బస్సులు నడపాలి. 44వ రహదారిలో పల్లె దారులు కలిసే చోట్ల దీపాలు, సర్వీసు రోడ్లు, అవసరమైన చోట అండర్‌పాసులు కట్టాలి. రోడ్లకు అడ్డంగా పోయే కరెంటు తీగలను వానాకాలం రాకముందే తనిఖీ చేయాలి. కలెక్టర్లు నడిపే జిల్లా రోడ్డు భద్రతా కమిటీల్లో రైతు, కూలీ సంఘాలకు చోటు ఇవ్వాలి. ఆటోవానికి జరిమానా వేసి వదిలేస్తే రోడ్డు మారదు.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. కూలీలను పిలిచే రైతు బాడిగ తానే మాట్లాడాలి. ఒక ఆటో చాలకపోతే రెండో ఆటోకు డబ్బు ఇవ్వాలి. చీకటి పడకముందే పని విడిచిపెట్టాలి. ట్రాక్టరు, ట్రాలీ వెనక మెరిసే స్టిక్కర్లు అంటించాలి, రాత్రిపూట రోడ్డు మీద దీపం లేకుండా నిలపకూడదు.

ప్రమాదం జరిగితే భయపడకుండా 108కి ఫోన్ చేయాలి. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసులు పెట్టకుండా 2019 సవరణ చట్టం కాపాడుతుంది. గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఆసుపత్రిలో దాని గురించి గట్టిగా అడగాలి. పరిహారం దావా ఆరు నెలల్లోపు వేయాలి. ఏడుపు ఆరకముందే గడువు దాటిపోతుంది, కాబట్టి ఆ కుటుంబాలకు కాగితాలు సిద్ధం చేసిపెట్టే పని మన గ్రామ కమిటీలే చూసుకోవాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో గిట్టుబాటు ధర, పంటల బీమాతో పాటు కూలీల ప్రయాణాన్ని కూడా చర్చకు పెట్టాలని కోరుతున్నాము. మీ ఊరికి ఏ వేళకు బస్సు కావాలో, ఏ క్రాసింగు దగ్గర దీపం లేదో రాసి పంపండి. అన్నిటినీ కలిపి రెండు జిల్లాల కలెక్టర్లకూ ఇస్తాము. మన తోటలో కాయ కోసిన చేతులు రాత్రికి క్షేమంగా ఇల్లు చేరేటట్టు చూడటం కూడా సేద్యంలో భాగమే.