ఇంటనున్న విద్యార్థిని

2020లో కరోనావలన బడులు మూతపడగా, సెప్టెంబరు 1వ తేదీనుండి మన తెలంగాణమున పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ఇండ్లకే వచ్చినవి. అయినను సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు. జగిత్యాల, కోరుట్లలలో ఒడిలో బీడీల చాట. "ఇంటనే యున్నదిగదా" యని బిడ్డకు పని చెప్పుట మనకు సులభము. తప్పిన పాఠము తిరిగి పట్టుకొనుట ఆమెకు కష్టము.

ఇంట చదువుట సెలవు గాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసెను. నేడు అంబేడ్కరు పేర నున్న దానివలన సంసారము నడుపుకొనుచునే ఎందరో వనితలు పట్టభద్రులై ఉద్యోగార్హత పొందుచున్నారు.

కావున బిడ్డకొక మూల, ఒక వేళ నిర్ణయింపుడు. ఆ వేళ పిలువకుడు. పాఠము ముగిసినపిదప కాసేపు ఆరుబయట తిరుగనిండు. మాట తగ్గి దిగులుగా నున్నచో కోపగింపక చెంత కూర్చుండి అడుగుడు.

నీళ్లబిందె గడియసే పాగును, పాఠ మాగదు.