జిల్లా పేరు ఏ సెక్షన్‌లో?

రిపోర్టు డిజైన్‌లో ఏ ఫీల్డు ఎక్కడ పెట్టాలన్నది అందం సంగతి కాదు, లెక్క సంగతి. రిపోర్టులు తయారుచేసే క్రిస్టల్ రిపోర్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్ట్ హెడర్ మొత్తానికీ ఒక్కసారే వస్తుంది. గ్రూప్ హెడర్, ఫుటర్ గ్రూపు మారినప్పుడల్లా. డీటెయిల్స్ ఒక్కో రికార్డుకీ. మనవాళ్లేమో 'శ్రీకాకుళం జిల్లా' అని పైన రిపోర్ట్ హెడర్‌లో టైపు కొట్టేసి చేతులు దులుపుకుంటారు. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఆ జిల్లా నుంచి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా ఫీల్డు మీద గ్రూపు చేసుంటే, డేటాలో జిల్లా పేరు మార్చగానే రాజాం వరస విజయనగరం కింద చేరుతుంది, గ్రూప్ ఫుటర్‌లో మొత్తమూ సరిపోతుంది. టైపు కొట్టిన పేరు మాత్రం కదలదు. అన్నట్టు, మండలాల జాబితా రెండో పేజీకి పాకితే గ్రూప్ హెడర్ అక్కడా మళ్లీ వచ్చేలా టిక్కు పెట్టండి. లేదంటే ఆ కాగితం ఒక్కటే చేతికొచ్చిన గుమస్తా సంతకవిటి మండలం ఏ జిల్లాదో వెతుక్కోవాలి.