బ్యాటరీకి చలేస్తే...

సంక్రాంతికి ఇంటికొచ్చి, అరిసెలూ సకినాలూ సూట్‌కేసుల్లో సర్దుకుని తిరిగి అమెరికా వెళ్లిన పిల్లల దగ్గర్నుంచి వచ్చే మొదటి ఫోను 'క్షేమంగా చేరాం' అని. రెండోది చాలాసార్లు 'కారు స్టార్టవట్లేదు' అని! మినియాపొలిస్, షికాగో, డెట్రాయిట్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకి ఇది ఏటా ఉండే జనవరి ముచ్చటే. 'నలుగురూ కలిసి తోస్తే సరి' అంటారు ఇక్కణ్నుంచి నాన్నగారు. అక్కడివి దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లు, తోస్తే స్టార్టవవు. ఇంతలో పక్కింటి మిత్రుడు జంపర్ కేబుళ్లు పట్టుకుని వచ్చేస్తాడు. సాయమే, కాదనలేం. కానీ అసలు ప్రమాదం పొంచి ఉన్నది అక్కడే.

ముందు ఆ చలి ఏపాటిదో చూద్దాం. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. షికాగోలో మైనస్ 31. సున్నా దగ్గరికొస్తేనే మన లంబసింగి పేపర్లకెక్కుతుంది. ఆ చలికి బ్యాటరీ కాస్త బద్ధకిస్తుందేమో గానీ గడ్డకట్టదు లెండి.

కారు బ్యాటరీలో ఉండేవి సీసం పలకలు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. చలి పెరిగేకొద్దీ వీటి మధ్య రసాయన చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గరే బ్యాటరీ బలంలో మూడోవంతు దాకా పోతుంది. మైనస్ 18కి వచ్చేసరికి సగానికి పైగా హరీ. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి ఇంజిన్ బిగుసుకుపోతుంది. దాన్ని తిప్పడానికి మామూలుకన్నా ఎంతో ఎక్కువ కరెంటు కావాలి. రాబడి సగం, ఖర్చు రెట్టింపు... ఇక సంసారం నడిచేదెలా! ఇందులో తమాషా ఏంటంటే, బ్యాటరీని లోలోపల దెబ్బతీసేది చలికన్నా అంతకుముందు వేసవి వేడే. ఆ బలహీనతని చలికాలం బయటపెడుతుందంతే.

గడ్డకట్టడం వేరే సంగతి. చార్జి నిండుగా ఉన్న బ్యాటరీలో ఆమ్లం గాఢంగా ఉంటుంది కాబట్టి మైనస్ 50లోనూ గడ్డకట్టదు. చార్జి దిగుతున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు వెళ్లి పలకలకి పట్టుకుంటుంది, మిగిలే ద్రవం పలచబడిపోతుంది. సగం చార్జి ఉంటే మైనస్ 20కి కాస్త అటూ ఇటూగా గడ్డకడుతుంది. పూర్తిగా ఖాళీ అయితే మైనస్ ఏడెనిమిది డిగ్రీలే చాలు. మినియాపొలిస్‌లో జనవరిలో అది మామూలు చలే!

ఇప్పుడు మనవాళ్ల సెలవుల సంగతి ఆలోచించండి. కారు ఆరుబయట పార్క్ చేసి నెల్లాళ్లు ఇండియా వచ్చేస్తారు. తాళం వేసి ఉన్నా కారులో అలారం, కంప్యూటరు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే మూడు నాలుగు వారాల్లో ఖాళీ కావచ్చు. ఆ తర్వాత గడ్డకట్టడానికి ఒక్క రాత్రి చాలు.

గడ్డకట్టిన బ్యాటరీకి ఎట్టి పరిస్థితుల్లోనూ జంప్ స్టార్ట్ ఇవ్వకూడదు, చార్జరూ తగిలించకూడదు. కరెంటు ఎక్కించినప్పుడు పుట్టే హైడ్రోజన్ వాయువు మంచుగడ్డల మధ్య చిక్కుకుపోతుంది. డబ్బా పగిలి ఆమ్లం ముఖాన చిమ్మవచ్చు, చిన్న నిప్పురవ్వకే పేలిపోవచ్చు. కాబట్టి కేబుల్ తీసేముందు టార్చిలైటు వేసి చూడండి. పక్కలు ఉబ్బాయా? డబ్బా చిట్లిందా? మూత పైకి లేచిందా? వీటిలో ఏది కనిపించినా, అనుమానం వచ్చినా ఆగిపోవాల్సిందే. 'వేన్నీళ్లు పోస్తే కరిగిపోదూ' అన్న వంటింటి చిట్కా ఇక్కడ అసలు పనికిరాదు. డబ్బా పగులుతుంది. ట్రిపుల్ ఏ లాంటి రోడ్డు సాయం సంస్థకి ఫోన్ చేయడమే మేలు. ఒకసారి గడ్డకట్టిన బ్యాటరీలో పలకలు వంగిపోయి ఉంటాయి. కరిగాక కూడా దాన్ని నమ్ముకోవడం కన్నా కొత్తది కొనడమే నయం.

గడ్డకట్టలేదని తేలిందా? అప్పుడు జంప్ స్టార్ట్ ఇవ్వొచ్చు. ముందు కారు మాన్యువల్ చూడండి. కొన్ని కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, జంప్‌కి వేరే చోటు ఇస్తారు. హైబ్రిడ్ల పద్ధతి వేరు. ఉంగరాలు, గాజులు, బ్రేస్‌లెట్లు తీసి జేబులో వేసుకోండి. బంగారం రెండు కొసలకీ తగిలితే వేలు కాలిపోతుంది. కళ్లజోడు పెట్టుకోండి. సిగరెట్, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండకూడదు. రెండు కార్లూ ఒకదానికొకటి ఆనకుండా, ఇంజిన్లు ఆపి ఉంచాలి. ఎర్ర కేబుల్ ముందు ఆగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. చివరి కొస మాత్రం ఆగిపోయిన బ్యాటరీకి పెట్టకండి! దానికి దూరంగా, ఇంజిన్ మీద రంగు లేని లోహానికి పట్టించాలి. చివర్లో నిప్పురవ్వ లేచేది అక్కడే, హైడ్రోజన్ ఉండేది బ్యాటరీ దగ్గర. రెంటినీ కలపకుండా ఉండటానికే ఈ తంటా. మంచి కారు స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఆగి, రెండో కారు ప్రయత్నించండి. స్టార్టయ్యాక కేబుళ్లు తీసేది సరిగ్గా వెనక్కి వెనక్కి.

మరో మాట. ఇదంతా గ్యారేజీ తలుపు మూసి చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది. ఆరుబయటైతే పొగగొట్టానికి అడ్డంగా పేరుకున్న మంచు తవ్వేశాకే ఇంజిన్ వేయండి.

ఆమ్లం కంట్లో పడితే నలపకుండా కనీసం పదిహేను నిమిషాలు నీళ్లధారతో కడుగుతూ, అక్కడైతే 911కి ఫోన్ చేయించాలి. చర్మం మీద పడినా అంతే, తడిసిన బట్టలు వెంటనే విప్పేయాలి.

ఇండియాకి టికెట్లు కొన్నప్పుడే చేసుకోవాల్సిన పని ఒకటుంది. విడిభాగాల దుకాణాల్లో చాలాచోట్ల బ్యాటరీ పరీక్ష ఉచితం. బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలిస్తే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సొంత గ్యారేజీ, ప్లగ్గూ ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి రావచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్లయితే నిండా చార్జి చేసి మైనస్ కనెక్షన్ ఊడదీసి వస్తే చాలు. నిండుగా ఉంది కాబట్టి మైనస్ 30లోనూ గడ్డకట్టదు. ఆపైన రిమోట్ పనిచేయదు, లోహపు తాళంచెవి దగ్గరుంచుకోండి!

కొత్తది కొనేవాళ్లు లేబుల్ మీద కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అంకె చూడండి. మైనస్ 18లో ముప్ఫై సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది అదే. మాన్యువల్‌లో రాసినదానికి తగ్గకూడదు. పాతదాన్ని చెత్తలో పారేయకండి. కొట్లో తిరిగిస్తే, కొత్తది కొన్నప్పుడు కట్టించుకున్న డిపాజిట్ డాలర్లు వెనక్కిస్తారు.